లివ్ గోల్ఫ్ ర్యాంకింగ్ పేచీ: ముడి పడింది జట్టు ఆట దగ్గరే

ప్రపంచ గోల్ఫ్ ర్యాంకింగ్ సంస్థ 2026 ఫిబ్రవరిలో, సౌదీ నిధులతో నడిచే లివ్ గోల్ఫ్ టూర్‌కు మొదటిసారి పాయింట్లు ప్రకటించింది. అవి కూడా తొలి పది స్థానాలవారికే. 57 మంది ఆడే టోర్నీలో పదకొండో స్థానానికి సున్నా. ఏ టూర్‌కూ లేని ఆంక్ష మాకే ఎందుకని లివ్ మండిపడుతోంది.

ఈ గొడవంతా 54 హోళ్లా (మూడు రౌండ్లు), 72 హోళ్లా (నాలుగు రౌండ్లు) అన్న లెక్కగానే చాలామందికి గుర్తు. 2023 అక్టోబరులో లివ్ దరఖాస్తును తిరస్కరించినప్పుడు ర్యాంకింగ్ బోర్డు చెప్పింది వేరు. మూడు రౌండ్ల ఆటను, కట్ (సగం ఆట ముగిశాక వెనకబడినవారిని తప్పించడం) లేకపోవడాన్ని గణిత సూత్రంతో సర్దుకోవచ్చని నాటి చైర్మన్ పీటర్ డాసన్ స్పష్టంగానే అన్నారు. ఆయన అభ్యంతరాలు రెండు: కొత్తవారికి దారి దాదాపు మూసుకుపోవడం, ఒకే స్కోరుకార్డుపై వ్యక్తిగతం, జట్టు అని రెండు పోటీలు నడవడం.

ఆ రెండోదాన్ని కాస్త దగ్గరగా చూడాలి. 2022 జూన్‌లో లండన్ శివార్లలోని సెంచూరియన్ క్లబ్‌లో లివ్ మొదలైనప్పుడు 48 మంది, నలుగురేసి 12 జట్లు. 2.5 కోట్ల డాలర్ల బహుమతుల్లో 50 లక్షలు జట్లవి. విజేత చార్ల్ ష్వార్ట్‌జెల్ వ్యక్తిగతంగా 40 లక్షలు, జట్టు వాటాగా మరో 7.5 లక్షలు అందుకున్నాడు. తొలి రెండు రౌండ్లలో జట్టులో మెరుగైన ఇద్దరి స్కోర్లే, చివరి రౌండ్‌లో ముగ్గురివే లెక్క.

ఇప్పుడు చివరి హోల్‌లో 15 అడుగుల పట్ (బంతిని దొర్లించి రంధ్రంలో వేసే స్ట్రోక్) మిగిలిందనుకోండి. అది పడితే వ్యక్తిగత టైటిల్‌కు ప్లేఆఫ్ (స్కోరు సమమైనవారి మధ్య అదనపు ఆట). గట్టిగా కొట్టి తప్పితే బంతి నాలుగైదు అడుగులు దాటిపోతుంది, మూడో పట్ ప్రమాదం. జట్టు గెలవడానికి మాత్రం పార్ (ఆ హోల్‌కు నిర్ణయించిన స్ట్రోకుల సంఖ్య) చాలు. తోటివాళ్ల డబ్బు కూడా ముడిపడి ఉంది కాబట్టి ఆటగాడు మెల్లగా రంధ్రం పక్కకు చేరుస్తాడు. అందులో తప్పేమీ లేదు. కానీ ర్యాంకింగ్ సూత్రానికి కనిపించేది స్కోరు ఒక్కటే. ఆ స్ట్రోక్ ఎవరి కోసం ఆడాడో దానికి తెలియదు. 2025 నుంచి ప్రతి రౌండ్‌లోనూ నలుగురి స్కోర్లూ కలుపుతున్నారు. దాంతో పారేసే కార్డు లేకుండా పోయింది గానీ, జట్టు లాగుడు ఇంకా పెరిగింది.

కొత్తవారికి దారి సంగతీ జట్టు దగ్గరికే వస్తుంది. 2023లో అట్టడుగున నిలిచిన నలుగురికి ఉద్వాసన అన్నారు, కెప్టెన్లకు మినహాయింపు ఇచ్చారు. చెత్తగా ఆడినా అప్పట్లో కెప్టెన్ చోటు పదిలం.

లివ్ వాదనలోనూ న్యాయం ఉంది. 2022 సెప్టెంబరులో బోస్టన్‌లో అనిర్బన్ లాహిరి ప్లేఆఫ్ దాకా వెళ్లి డస్టిన్ జాన్సన్ చేతిలో ఓడాడు. ర్యాంకింగ్‌లో దానికి విలువ లేదు. మేజర్లలో (గోల్ఫ్‌లోని నాలుగు అతిపెద్ద టోర్నీలు) చాలా చోట్లు ర్యాంకును బట్టే దక్కుతాయి. అయితే పరిష్కారం వెతకాల్సిన లివ్, 2024 మార్చిలో దరఖాస్తే వెనక్కి తీసుకుంది. సీఈఓ స్కాట్ ఓనీల్ సారథ్యంలో 2025లో మళ్లీ వేసి, 2026 నుంచి 72 హోళ్లకు మారింది. బోర్డు సర్దుకోగలనన్న లోపాన్నే ముందు సరిదిద్దింది.

ఇప్పటికీ 13 జట్లున్నాయి, ఎక్కువ మంది ఆటగాళ్లను ఎంపికతోనే తెచ్చుకుంటున్నారు, అర్హత పోటీల ద్వారా వచ్చేది కొద్దిమందే. ఫిబ్రవరి నిర్ణయంలో చిన్న ఫీల్డ్ (తక్కువ మంది ఆటగాళ్లు), కట్ లేకపోవడంతో పాటు బోర్డు ఎత్తిచూపిన కారణాల్లో ఈ ఎంపిక పద్ధతీ ఉంది.