ఛత్రపురం వాదంలోకి ఫ్లోరైడ్ ఎలా వచ్చింది?

ఒడిశాలోని ఛత్రపురం ఇసుక ఖనిజాల కర్మాగారం మీద వాదం రాజుకున్న ప్రతిసారీ బరంపురం తెలుగువారి నోట ముందుగా వినిపించేది యురేనియం విషవాయువు, అంటే యురేనియం హెక్సాఫ్లోరైడ్, అక్కడ వెలువడుతుందన్న మాటే. గంజాం తీరపు ఇసుకలో థోరియం, కొద్దిగా యురేనియం ఉండే మోనజైట్ ఖనిజం ఉందన్న సంగతి అందరూ ఎరిగినదే కనుక దాన్ని వదిలి, ఈ భయం పుట్టిన చోటికే వెళ్దాం. అది 1940ల నాటి అమెరికా.

అక్కడి అణు కేంద్రం ఓక్‌రిడ్జ్‌లో యురేనియం ఐసోటోపులను (బరువులో మాత్రమే తేడా ఉన్న ఒకే మూలకపు రూపాలను) విడదీయడానికి రెండు హేలైడ్లు, అంటే క్లోరిన్, ఫ్లోరిన్ వంటి వాటితో యురేనియం కలిసిన సమ్మేళనాలు, వాడారు. అయస్కాంత యంత్రాల్లోకి టెట్రాక్లోరైడ్ వెళ్ళింది. సన్నని రంధ్రాల పొరల గుండా వాయువును నెట్టే పద్ధతికి మాత్రం హెక్సాఫ్లోరైడే దిక్కయింది. అది సాధారణ పీడనంలో 56.5 డిగ్రీల సెల్సియస్ వద్దే కరగకుండా నేరుగా ఆవిరవుతుంది. పైగా ప్రకృతిలో ఫ్లోరిన్‌కు ఐసోటోపు ఒక్కటే కనుక, 349, 352 అనే అణుభారాల మధ్య తేడా పూర్తిగా యురేనియందే. క్లోరిన్‌కైతే 35, 37 అని రెండున్నాయి, లెక్క కలగాపులగమవుతుంది. తరువాత వాయువును వేగంగా తిప్పి విడదీసే సెంట్రిఫ్యూజులు వచ్చినా సరుకు మారలేదు, అదే హెక్సాఫ్లోరైడ్. ఆ ఆవిరయ్యే గుణంతోనే ముప్పూ వచ్చింది: గాలిలోని తేమ తగిలితే యురేనిల్ ఫ్లోరైడ్ తెల్లటి పొగలా లేస్తుంది, వెంట హైడ్రోజన్ ఫ్లోరైడ్ వెలువడుతుంది. 1986 జనవరిలో ఓక్లహోమాలోని గోర్ వద్ద, పరిమితికి మించి నింపిన సిలిండర్‌ను వేడిచేస్తుండగా పగిలి ఒక కార్మికుడు చనిపోయాడు; ప్రాణం తీసింది రేడియోధార్మికత కాదు, ఆ ఆమ్లపు ఆవిరి.

ఛత్రపురంలో ఆ ఫ్లోరైడ్ తయారు కాదన్నది సాంకేతిక వర్గాల వాదన, రసాయనపరంగా అది నిజం. మోనజైట్‌ను కాస్టిక్ సోడాతో ఉడికించి, ఆపై హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తీసే క్లోరైడ్ సీరియం, లాంథనం వంటి మూలకాలది. థోరియం, యురేనియం హైడ్రాక్సైడ్లుగా వెనకబడతాయి. మన భారజల రియాక్టర్లకూ ఐసోటోపులు విడదీయని సహజ యురేనియం ఆక్సైడే చాలు కనుక, వాటి కోసమూ ఆ ఫ్లోరైడ్ అక్కర్లేదు.

అయితే గోపాల్‌పూర్ తీరంలో వేటకు వెళ్ళే తెలుగు మత్స్యకారుల ఆందోళనను ఈ ఒక్క జవాబుతో తోసిపుచ్చడం తొందరపాటే. మన మోనజైట్‌లో యురేనియం ఆక్సైడ్ సుమారు 0.35 శాతమే, థోరియం ఆక్సైడ్ 9 శాతం దాకా ఉంటుంది. థోరియం నుంచి పుట్టే రేడియోధార్మిక రేడియం-228 సగం తగ్గడానికి దాదాపు 5.75 ఏళ్ళు పడుతుంది. క్లోరైడ్ ద్రావణంలోకి జారిన రేడియంను బేరియం సల్ఫేట్‌తో కలిపి అడుక్కి దింపుతారు. ఆ మడ్డిని ఎక్కడ, ఎంత కట్టుదిట్టంగా దాస్తున్నారో, చుట్టుపక్కల బావినీటి పరీక్షల్లో ఏం తేలిందో తీరగ్రామాల వారికి తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పవలసి ఉంది.