పని పోయిన నెలలో తొందరపడి పెట్టకూడని ఫారం: కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన సోమవారం దుకాణం షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద నలుగురు కూర్చుని ఉన్నారు. ఒకాయన రాజురా నుంచి వచ్చాడు, మిగతా ముగ్గురూ మా బల్లార్షా వాళ్లే. అందరూ నలభై దాటినవాళ్లు. పాత కాంట్రాక్టు అయిపోయింది, కొత్త కాంట్రాక్టర్ సగం మందినే తీసుకుంటానన్నాడట. లోపలికి రాగానే ఆధార్ కార్డులు బల్ల మీద పెట్టి పీఎఫ్ తీసుకునే ఫారాల గురించి నలుగురూ ఒకటే మాట: "అన్నా, 19, 10సీ రెండూ కొట్టెయ్. ఏదన్నా బిజినెస్ చూసుకుంటం."

పదకొండేళ్లుగా మహారాష్ట్రలోని చాందా (చంద్రపూర్) జిల్లాలో పీఎఫ్, గ్రాట్యుటీ కాగితాల పని చేస్తున్నాను. కాగితం మిల్లు, సిమెంటు, థర్మల్ కాంట్రాక్టు వాళ్లు నా దగ్గరికి వస్తారు. బొగ్గు గనుల వాళ్లది సీఎంపీఎఫ్, దాని లెక్క వేరు, కాబట్టి ఇది వాళ్లకు కాదు. ఇన్నేళ్లలో ఎక్కువమంది కొంప ముంచింది ఏ షేర్ మార్కెట్టో చిట్‌ఫండో కాదు, పింఛను వాటా తీసుకునే ఆ 10సీ ఫారమే.

అపోహ: పని పోతే 19, 10సీ కలిపే పెట్టాలి. కొత్త జీవితానికి అదే పెట్టుబడి.

ఈ మాట ఎవరు పుట్టించారో తెలియదు కానీ నెట్ సెంటర్ల పిల్లలు దాన్ని మంత్రంలా చదువుతారు. వాళ్లకు క్లెయిముకు ఇంత అని గిట్టుబాటు, రెండు క్లెయిములైతే రెండింతలు.

19 అనేది మీ పీఎఫ్ డబ్బు. అవసరం పడితే తీసుకోండి, నేను వద్దనను. పిల్లల ఫీజు కట్టాల్సిన నెలలో జీతం ఆగిపోతే ఆ టెన్షన్ ఏమిటో నాకు తెలుసు. 10సీ అలా కాదు, అది పింఛను వాటా. పదేళ్ల సర్వీసు నిండితే 58 ఏట నుంచి నెలనెలా పింఛను వస్తుంది. నిండకముందే డబ్బు తీసేసుకుంటే అన్నేళ్ల సర్వీసూ తుడిచిపెట్టుకుపోతుంది. మళ్లీ ఎక్కడ చేరినా లెక్క సున్నా నుంచే. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఆ 10సీలోనే రెండు దారులున్నాయి. ఒకటి డబ్బు తీసుకోవడం, రెండోది స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవడం. సర్టిఫికెట్ తీసుకుంటే పాత సర్వీసు భద్రంగా ఉంటుంది, రేపు పీఎఫ్ ఉన్న చోట చేరినప్పుడు దానికి కలుస్తుంది. మధ్యలో రెండేళ్లు ఖాళీగా ఉన్నా ఫరవాలేదు. ఆ రెండేళ్లు లెక్కలోకి రావు, కానీ పాతవి పోవు.

ఒకాయన సంగతి చెబుతాను, పేరు వద్దు. వయసు 47, బాయిలర్ దగ్గర హెల్పర్. పనిచేసింది ఒకే గేటు లోపల, ఒకే బాయిలర్ దగ్గర. కాంట్రాక్టర్లు మాత్రం ముగ్గురు మారారు. మొదటాయన కింద 4 ఏళ్లు, రెండో ఆయన కింద 5, మూడో ఆయన కింద 6. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ నంబరు, పాతది "క్లియర్" చేసుకోమని సలహా. మొదటిసారి పింఛను వాటా కింద 26 వేలు వచ్చాయి, చెల్లెలి పెళ్లిలో కలిసిపోయాయి. రెండోసారి 45 వేలు, ఇంటికి స్లాబ్ పడింది. అవి వృథా ఖర్చులని నేననను. ఇంటి మీద కప్పు ఉండాలి కదా.

కానీ లెక్క చూడండి. చివరి అయిదేళ్ల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తే నెల పింఛను. పీఎఫ్ కోసం చూపే జీతం ఎంత ఉన్నా ఇందులో 15,000 వరకే లెక్క. ఈయనకు 14,000. పదిహేనేళ్లూ కలిసి ఉంటే నెలకు 3,000, ఏడాదికి 36,000. రెండుసార్లు చేతికొచ్చింది కలిపి 71 వేలు, అంటే రెండేళ్ల పింఛను కూడా పూర్తిగా కాదు. అదే పింఛను బతికినన్నాళ్లూ వచ్చేది, ఆయన తర్వాత భార్యకు సగం వచ్చేది.

ఇదంతా కాగితం మీద వేసి చూపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మరి ఈ ఆరేళ్లది కూడా తీసేద్దామనే కదన్నా వచ్చిన" అన్నాడు.

తీయలేదు. 10సీలో డబ్బు వద్దని స్కీమ్ సర్టిఫికెట్ పెట్టించాం. ఆరేళ్లు చేతిలో ఉన్నాయి, ఇంకో నాలుగేళ్లు కావాలి. నిజానికి తొమ్మిదిన్నర దాటితే పదిగానే లెక్కేస్తారు కాబట్టి మూడున్నర చాలు. అంటే ఇప్పుడు ఆయన వెతకాల్సింది ఏదో ఒక పని కాదు, పీఎఫ్ కట్టే పని. నడివయసులో పని మారేవాళ్లకు నేను చెప్పేది ఎప్పుడూ ఇదే. రెండు చోట్ల పని దొరికి, ఒకచోట వెయ్యి ఎక్కువిచ్చి పీఎఫ్ లేకపోతే, ఆ వెయ్యి వైపు చూడకండి. మీ సర్వీసు ఆరో ఏడో ఏళ్లుంటే అసలే చూడకండి.

అపోహ: కొత్త జీవితం అంటే కొత్త పని. పాతదంతా వదిలెయ్యాలి.

యూట్యూబ్ చూసి పుట్టగొడుగులు, కడక్‌నాథ్ కోళ్లు, ఇంకేదో ఏజెన్సీ అంటూ వస్తారు. నాకు కోళ్ల మీద కోపం లేదు. కానీ పదిహేనేళ్లు ఆవిరి పీడనం చూసిన కన్ను ఒక్కరోజులో కోళ్ల రోగాలు కనిపెట్టదు.

మన బాయిలర్ ఆయన్నే తీసుకోండి. కాగితం పరిశ్రమ తగ్గినా ఆవిరి అవసరం తగ్గలేదు. సరిహద్దు అవతల తెలంగాణలో ఉప్పుడు బియ్యం మిల్లులకు బాయిలర్ కావాలి, పెద్ద ఆసుపత్రుల లాండ్రీకి కావాలి, డెయిరీకి కావాలి. బాయిలర్ నడపడానికి యోగ్యతా పత్రం ఉన్న అటెండెంట్ చట్టప్రకారం ఉండాల్సిందే. ఈయన దగ్గర పని ఉంది, పత్రం లేదు. అనుభవం సర్టిఫికెట్ కోసం పాత కాంట్రాక్టర్ చుట్టూ రెండు నెలలు తిరిగాడు. అది కూడా చివరి రోజే అడిగి తీసుకోవాల్సిన కాగితం. కాంట్రాక్టర్ ఊరు వదిలాక దాన్ని ఇచ్చేవాడు దొరకడు.

నా సంగతీ ఇంచుమించు అంతే. 17 ఏళ్లు ఒక మిల్లు టైమ్ ఆఫీసులో మస్టర్ రాశాను. వేలిముద్రల మెషీన్ వచ్చింది, ముగ్గురం చేసే పనికి ఒక్కడు చాలన్నారు. అప్పుడు నాకు 42. నేనేం చేశానో అడగండి! పీఎఫ్ మొత్తం తీసి బావమరిదితో కలిసి సెకండ్ హ్యాండ్ టిప్పర్ కొన్నాను. బొగ్గు రవాణాలో డబ్బే డబ్బు అని అందరూ అన్నారు. పద్నాలుగు నెలలు నడిపి సగం ధరకు అమ్ముకున్నాం. టిప్పర్ గురించి నాకు తెలిసింది దానికి చక్రాలుంటాయన్న ఒక్క ముక్కే. పింఛను వాటా కూడా తీసేవాణ్ణే, కానీ పదేళ్లు దాటింది కాబట్టి రూల్ ఒప్పుకోదన్నారు. ఆ రోజు కౌంటర్ దగ్గర నిలబడి ఆ రూల్ పెట్టినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంకో నాలుగేళ్లలో ఆ పింఛనే నాకు రాబోతోంది.

టిప్పర్ అమ్మిన నెలలో పాత మిల్లు వాళ్లు ఇంటికి రావడం మొదలుపెట్టారు. నామినేషన్ ఫారాలు నేనే నింపేవాణ్ణి కదా, "ఈ స్లిప్పులో ఏముందో చూడు సార్" అంటూ. ఆ అరుగు మీదే ఈ దుకాణం పుట్టింది.

అపోహ: రాజీనామా రాసిస్తే సెటిల్‌మెంట్ త్వరగా అవుతుంది.

త్వరగా అవుతుంది, తక్కువగా కూడా అవుతుంది. యాజమాన్యమే పని లేదని తీసేస్తే నోటీసుతో పాటు, ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. "సొంత కారణాల వల్ల మానేస్తున్నాను" అని మీరే సంతకం పెడితే ఆ పరిహారం అడిగే హక్కు పోయినట్టే. ముందే టైప్ చేసి ఉంచిన కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటే ఒక రాత్రి ఇంటికి తీసుకెళ్లి చదవండి. చదవడానికి ఇవ్వనంటే అందులో ఏముందో మీకు అర్థమైనట్టే.

దీనికి ఎదురు పుకారు ఇంకోటుంది, రాజీనామా చేస్తే గ్రాట్యుటీ కూడా రాదని. అది తప్పు. అయిదేళ్లు నిండితే మీరు మానేసినా, వాళ్లు తీసేసినా గ్రాట్యుటీ రావాల్సిందే. బేసిక్, డీఏ కలిపి 18,000 ఉండి 16 ఏళ్లు చేసినవాళ్లకు 1,66,000 పైన వస్తుంది (18,000ను 26తో భాగించి, 15తో, ఆపై 16తో గుణించండి). కాంట్రాక్టర్ మారాడు కాబట్టి లేదంటే ఒప్పుకోకండి, లేబర్ ఆఫీసులో అడగండి.

అపోహ: ఆగితే మిల్లు మళ్లీ తెరుస్తారు. కాగజ్‌నగర్ తెరవలేదా?

తెరిచారు, అబద్ధం కాదు. అక్కడి సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగింది, కొత్త యాజమాన్యం కింద 2018లో మళ్లీ తెరుచుకుంది. మధ్యలో నాలుగేళ్లున్నాయి. రైలెక్కితే పక్క ఊరే కాబట్టి మన వాళ్లందరికీ అదే ఉదాహరణ. 45 ఏళ్ల మనిషికి ఆ నాలుగేళ్లు ఎవరిస్తారు? ఎదురుచూడండి, కానీ వేరే పని చేస్తూ ఎదురుచూడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నలభై దాటితే ఐటీఐలో చేర్చుకోరన్నది తప్పు, అక్కడ గరిష్ఠ వయసు అంటూ లేదు. కొడుకు వయసు వాళ్ల పక్కన కూర్చోవడం కష్టమే, అది వేరే సంగతి. సొంత యూనిట్ పెట్టుకోవడానికి ఇచ్చే పీఎంఈజీపీ లోనుకు కూడా పై వయసు పరిమితి లేదు. సబ్సిడీ మాత్రం చేతికిచ్చే డబ్బు కాదు, మూడేళ్లు బ్యాంకులోనే లాక్ అయి ఉంటుంది, యూనిట్ నడవకపోతే చిక్కే. 18 చేతివృత్తుల వాళ్ల కోసం పెట్టిన విశ్వకర్మ పథకంలో నేతవాళ్లకు లోను ఇప్పిస్తానని డబ్బులు అడిగేవాణ్ణి దగ్గరికి రానివ్వకండి. ఆ 18 వృత్తుల్లో బట్టల నేత లేదు, దర్జీ ఉంది. పని మానేస్తే పీఎఫ్ మీద వడ్డీ ఆగిపోతుందన్నదీ పుకారే, తీయకుండా ఉంచితే 58 ఏళ్ల వరకు పడుతుంది. 2024-25కి 8.25 శాతం పడింది. ఇంకొకటి, అయిదేళ్లలోపు సర్వీసుతో పీఎఫ్ తీస్తే పన్ను కోత ఉండొచ్చు, దాన్ని నెట్ సెంటర్ వాడు తిన్నాడనుకుని కొట్లాటకు పోకండి.

చివరిగా మన సరిహద్దు వాళ్లకే ఉన్న తలనొప్పి, పేరు. తెలుగింట్లో ఇంటిపేరు ముందు, మరాఠీ స్కూల్లో మన పేరు, నాన్న పేరు, ఆఖర్న ఇంటిపేరు. మిల్లు రిజిస్టర్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, పాన్‌లో పొడి అక్షరాలతో మరోలా. పుట్టిన తేదీ అయితే మాస్టారు బడిలో చేర్చిన రోజు రాసిన జూన్ 1. వీటిలో ఒక్కటి కలవకపోయినా క్లెయిమ్ తిరిగొస్తుంది. జాయింట్ డిక్లరేషన్ పెట్టి దిద్దించుకోవాలి, 2017 అక్టోబరుకు ముందు ఇచ్చిన యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) అయితే దానికి యజమాని ఆమోదం కావాలి. కాబట్టి పని ఉన్నప్పుడే, కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తుతున్నప్పుడే ఆ పని చేయించుకోండి. పాత యూఏఎన్‌లు రెండు మూడు ఉంటే సర్వీసంతా ఒకదానికి బదిలీ కూడా అప్పుడే పెట్టించుకోండి.

నా ఆధార్‌లో నాన్న పేరు ఇంకా మధ్యలోనే ఉంది, పీఎఫ్‌లో అసలు లేదు. నేను పనిచేసిన టైమ్ ఆఫీసు ఇప్పుడు లేదు. నా పింఛనుకు నాలుగేళ్లే ఉంది కదా, మా ఆవిడ రోజూ అడుగుతోంది, ఊరందరివీ దిద్దుతున్నావు, నీది ఎప్పుడు అని.