బోనం దీపం ఆరితే అరిష్టమా? ఒక పోచమ్మ పూజారి చెప్పే అపోహలు - వాస్తవాలు

పోయిన ఆషాఢంలో, బోనాల పండుగకు, మా బస్తీ పోచమ్మ గుడి ముందు లైన్లో ఒక అమ్మాయి బోనం, అంటే అమ్మకు వండిన అన్నం కుండ, నెత్తిన పెట్టుకుని ఏడుస్తూ నిలబడింది. పెళ్లయ్యాక మొదటి బోనం. సందు మలుపులో గాలి కొట్టి పైనున్న దీపం ఆరిపోయింది. వెనకాల ఎవరో పెద్దామె "అయ్యో, ఇంటి దీపమే ఆరినట్టు" అనేసింది. ఇక ఆ పిల్ల టెన్షన్ చూడాలి. "అన్నా, మా ఆయనకు ఏమన్నా అయితదా?" అని అడిగింది. గురిగిలో (కుండ మీద మూతగా పెట్టే చిన్న మట్టి పాత్ర) వత్తి సవరించి, ఇంత నూనె పోసి, అమ్మ ముందున్న దీపంతో వెలిగించి ఇచ్చాను. "ఏం కాదు చెల్లే, గాలికి ఆరింది, నడువు" అన్నాను. అమ్మ పేరు చెప్పి జనాన్ని ఎంత భయపెడుతున్నారో ఆ రోజు చూసి మనసు కష్టమైంది, అందుకే ఇది రాస్తున్నా.

మేం కుమ్మరులం. తెలంగాణలో చాలా ఊళ్లలో పోచమ్మకు పూజ చేసేది కుమ్మరులే, మా ఇంట్లో నాది మూడో తరం. బోనం కుండ సారె మీద మట్టిముద్దగా ఉన్నప్పటి నుంచి అమ్మ ముందు దించేదాకా నా చేతుల్లోంచి పోతుంది కాబట్టి ఈ నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నా.

అపోహ: బోనం దీపం ఆరితే, కుండ పగిలితే ఇంటికి కీడు.

బోనం అంటే భోజనం. ఆ మాట నుంచే ఈ మాట వచ్చింది. కొత్త కుండకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, లోపల బెల్లం, పాలు వేసి వండిన అన్నమో పసుపన్నమో పెట్టి, చుట్టూ వేపమండలు కట్టి, మూతగా పెట్టిన గురిగిలో దీపం వెలిగిస్తాం. ఇంటికి వచ్చిన ఆడబిడ్డకు అన్నం పెట్టినట్టు అన్నమాట. ఆషాఢంలో అమ్మ పుట్టింటికి వస్తుందని మన నమ్మకం, అందుకే చీర, గాజులు, ఒడిబియ్యం పెడతాం. పుట్టింటికి వచ్చిన బిడ్డ, దారిలో దీపం ఆరిందని తల్లిదండ్రుల కొంప ముంచుతుందా? ఆరితే వెలిగించుకోవాలి, అంతే. కుండ పగిలితే వేరేది తెచ్చుకోవాలి. మట్టి పగలక ఏం చేస్తుంది?

నేను మాత్రం వేరే దానికి భయపడతాను. దీపం ఎండిన వేపాకుకు అంటుకుంటుంది, సిల్కు కొంగుకు అంటుకుంటుంది. వేపమండలు కుండ మెడ దగ్గర బిగించి కట్టండి, కొసలు మంట వైపు లేవకూడదు. గురిగిలో నూనె సగానికి మించి వద్దు, ఒలికితే నుదుటి మీదికే కారుతుంది. కుండ కింద నెత్తి మీద పెట్టే చుట్టబట్ట నూలుదే పెట్టుకోండి, నైలాన్ గుడ్డ మీద కుండ జారుతుంది. ఇత్తడి బోనం ఎత్తితేనే పుణ్యం అనేవాళ్లూ ఉన్నారు. ఇత్తడిది తేవద్దని అనను, పగలదు, ఏటేటా వాడుకోవచ్చు. కానీ మన అవ్వలు ఎత్తింది మట్టి కుండే.

అపోహ: లష్కర్ (సికింద్రాబాద్) ఉజ్జయిని మహంకాళి గుడి వేల ఏళ్ల నాటిది.

కాదు, దాని కథ మనకు బాగా దగ్గరి కాలంది, నాకైతే అందుకే ఎక్కువ ఇష్టం. సురిటి అప్పయ్య అని పటాలంలో డోలీ మోసే మనిషి. రాజూ కాదు, పండితుడూ కాదు. 1813లో ఆయన్ను ఉజ్జయినికి బదిలీ చేశారు. అదే టైంలో ఇక్కడ కలరా వచ్చి జనం పిట్టల్లా రాలిపోతున్నారని కబురు అందింది. అప్పయ్య, తోటివాళ్లు అక్కడి మహంకాళి ముందు నిలబడి, మావాళ్లను బతికిస్తే మా ఊళ్లో నిన్ను నిలబెట్టుకుంటామని మొక్కుకున్నారు. తిరిగొచ్చాక 1815లో కట్టె విగ్రహం పెట్టారు. 1864లో దాని స్థానంలో ఇప్పటి విగ్రహం వచ్చింది. పక్కన బావి తవ్వుతుంటే దొరికిన మాణిక్యాలమ్మను కూడా అక్కడే నిలిపారు. ఉజ్జయిని అనగానే మహాకాళేశ్వరుడు గుర్తొచ్చి ఇది శివుడి గుడి అనుకునేవాళ్లు కూడా నాకు తగిలారు, ఇక్కడ కొలువున్నది అమ్మవారు.

అప్పయ్య మొక్కుకున్నది తన కోసం కాదు, రోగంతో చస్తున్న ఊరి కోసం. నేనైతే ఈ కథలో అన్నిటికంటే దీన్నే పెద్దగా చూస్తాను.

అపోహ: అమ్మ పోస్తే డాక్టరు దగ్గరికి పోవద్దు, పోతే అమ్మకు కోపం వస్తుంది.

దయచేసి దీన్ని వదిలేయండి. ఒకప్పుడు మశూచి వస్తే మందు లేదు, జనం పోచమ్మ కాళ్ల మీద పడ్డారు, చల్లబడు తల్లీ అని వేడుకున్నారు. టీకాలతో ఆ మశూచి ప్రపంచంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. ఇప్పుడు మన పిల్లలకు వచ్చేది ఆటలమ్మ, అది వేరే వైరస్. మంచం మీద వేపాకు వేయండి, శుభ్రంగా ఉంచండి, నాకు చెప్తే అమ్మకు చల్ల పోస్తాను. కానీ డాక్టరుకు చూపించండి. ముఖ్యంగా ఇంట్లో గర్భిణి ఉన్నా, చంటిపిల్ల ఉన్నా, పెద్దవాళ్లకు సోకినా ఆలస్యం చేయొద్దు. పొక్కులన్నీ పక్కు కట్టేదాకా పిల్లను బడికి పంపొద్దు, గుడికీ తేవద్దు. జ్వరానికి ఆస్పిరిన్ అస్సలు వేయకూడదు. డాక్టరు దగ్గరికి పోతే అమ్మకు కోపం వస్తుందని మా నాన్న ఎన్నడూ అనలేదు, నేనూ అనను.

పాత బస్తీవాళ్లు చెప్పే ముచ్చట ఒకటి ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరంతా ఊడ్చేసినప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చీర, గాజులు, పసుపు కుంకుమలు నదికి సమర్పించాడని, వరద తగ్గిందని. ఈ ముచ్చటను లాల్ దర్వాజ సింహవాహిని అమ్మతో కలిపి చెప్పుకుంటారు. ఇది విని "అమ్మ కోపమే వరద" అంటారు కొందరు. కుండపోత వాన పడి, ఎగువన చెరువు కట్టలు తెగి వచ్చిన నీళ్లు అవి. మొక్కుతో పాటు పనీ జరిగింది కదా, ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా తీసుకున్నారు, వరద నీళ్లను ఆపే జలాశయాలు కట్టారు, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి.

అపోహ: బలి ఇవ్వకపోతే అమ్మ ఊరుకోదు.

గుడి ఆవరణలో జంతుబలి చేయకూడదని 1950 నుంచే చట్టం ఉంది. మా గుడిలో గుమ్మడికాయ కొడతాం, నిమ్మకాయలు కోస్తాం, సాక (పసుపు, వేపాకు కలిపిన నీళ్లు) పోస్తాం. ఇన్నేళ్లలో అమ్మ అలిగిన జాడ నాకైతే కనబడలేదు.

అపోహ: పోతరాజు రాక్షసుడు.

అమ్మకు తమ్ముడు. ఒంటినిండా పసుపు, కాళ్లకు గజ్జెలు, చేతిలో కొరడా, అక్కలకు కాపలాగా ముందు నడుస్తాడు. పిల్లల్ని ఆయన పేరు చెప్పి బెదిరించకండి. బోనం ఎత్తినవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోయడం కూడా శుద్ధి కోసం అనుకుంటారు, అది అమ్మను చల్లబరచడానికి.

అపోహ: రంగం అంటే పండుగ రోజు జోస్యం, మన సొంత ప్రశ్నలు అడగొచ్చు.

లష్కర్లో బోనాల మర్నాడు, సోమవారం, మాతంగి, అంటే అమ్మ పూని మాట్లాడే ఆమె, పచ్చికుండ మీద నిలబడి చెప్పేది ఊరి సంగతి. వానలు, పంటలు, రోగాలు, పూజ అందిందా లేదా అని. మన లోన్ల గురించి, వీసాల గురించి కాదు. పచ్చికుండ అంటే ఆవంలో కాల్చనిది. ఎండినా సరే గట్టిగా నొక్కితే పెచ్చు లేస్తుంది, నీళ్లలో పెడితే కరిగి మట్టయిపోతుంది. ఆ మట్టితోనే రోజూ పని చేసేవాణ్ణి, అయినా దాని మీద మనిషి నిలబడడం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అపోహ: భర్త లేని ఆడవాళ్లు బోనం ఎత్తకూడదు.

నా చేతిలో ఉన్న గుడి గురించి నేను చెప్పగలను. మా దగ్గర ఎత్తుతారు. ఒకామె కొడుకును, కూతురును ఒంటిచేత్తో పెంచింది, నాలుగేళ్లు లైన్లో పక్కన నిలబడి కొబ్బరికాయ మాత్రం ఇచ్చి పోయేది. అయిదో ఏడు నేనే కుండ పంపించాను, "అక్కా, ఈసారి నువ్వు ఎత్తాలి" అని. ఇద్దరు ముగ్గురు గొణిగారు. అమ్మకు అన్నం పెట్టే చేతికి లెక్కలేంటని అడిగాను, ఎవరూ మాట్లాడలేదు.

చివరగా, బోనం ఇంటికి వెనక్కి తేకూడదని చాలామంది గుడి దగ్గరే వదిలేసి పోతారు. అవసరం లేదు. అమ్మకు వడ్డించాక మిగిలింది ప్రసాదం. ఇంటికి తీసుకెళ్లి అందరూ కూర్చుని తినండి, పక్కింటివాళ్లకూ పెట్టండి, అన్నం చల్లారకముందే.