విద్యార్థి సంఘానికి ఇన్ని ఫారాలెందుకు? ఎనిమిది వందల ఏళ్ల నేపథ్యం

యూనివర్సిటీలో ఏదో ఒక విద్యార్థి సంఘం నడిపినవాళ్లకి ఈ అనుభవం ఉండే ఉంటుంది. కొత్తగా ఎన్నికైన కమిటీ మొదటి మీటింగ్‌లో కూర్చుని ఏడాదంతా ఏమేం చేయాలో ఉత్సాహంగా రాసుకుంటుంది, తీరా హాల్ బుక్ చేద్దామని వెళ్తే ఆఫీసులో ఓ కట్ట కాగితాలు చేతిలో పెడతారు. రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫారం, నియమావళి కాపీ, సభ్యుల జాబితా, ఫ్యాకల్టీ అడ్వైజర్ సంతకం, పోయినేడాది జమాఖర్చులు. ఇవన్నీ ఎక్కడున్నాయో తెలిసిన పాత సెక్రటరీ అప్పటికే చదువు ముగించుకుని వెళ్లిపోయి ఉంటారు.

నేను సెక్రటరీగా ఉన్న ఏడాది మొదటి రెండు నెలలు ఇలాగే పోయాయి. బ్యాంకు ఖాతాలో సంతకాలు మార్పించడం ఒక టెన్షన్, పాత మినిట్స్ దొరక్కపోవడం ఇంకో టెన్షన్. ఇదంతా విద్యార్థుల్ని విసిగించి వదిలించుకోవడానికి పెట్టిన తతంగం అని అప్పట్లో గట్టిగా నమ్మాను. తర్వాత ఈ నిబంధనలు ఎక్కడి నుంచి వచ్చాయో వెతుక్కుంటూ చదివితే తెలిసిందేమిటంటే, వీటిలో చాలావాటి వెనక ఒక పాత గొడవ ఉంది. కొన్ని యూనివర్సిటీలు విద్యార్థుల్ని అదుపులో పెట్టడానికి తెచ్చినవి, కొన్ని విద్యార్థులే కొట్లాడి సాధించుకున్నవి. చూడ్డానికి మాత్రం అన్నీ ఒకే రకం ఫారాల్లా కనిపిస్తాయి, అందుకే మనం కాపాడుకోవాల్సినవాటిని కూడా విసుగ్గానే చూస్తాం.

అసలు మొదట్లో విద్యార్థి సంఘమూ యూనివర్సిటీ వేరువేరు కాదు. లాటిన్‌లో 'యూనివర్సిటాస్' అంటే ఒక అవసరం కోసం జట్టు కట్టిన మనుషుల సంఘం అని అర్థం, వృత్తిపనివాళ్ల సంఘాలకూ ఆ మాటే వాడేవాళ్లు. 12వ శతాబ్దంలో రోమన్ న్యాయశాస్త్రం చదవడానికి ఇటలీలోని బొలోన్యాకి యూరప్ నలుమూలల నుంచీ వచ్చినవాళ్లు ఆ ఊరికి పరాయివాళ్లు, పౌరులకుండే రక్షణ వాళ్లకి లేదు. తమ ప్రాంతంవాడు ఇంకెవడో అప్పు ఎగ్గొడితే అది తీసుకొచ్చి వీళ్ల మెడకి చుట్టేవాళ్లు. ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి ఆ శతాబ్దం మధ్యలో ఈ పద్ధతి కూడదని శాసనం ఇచ్చాడు, కానీ రోజువారీ బతుకులో ఊరివాళ్లతో బేరమాడాలంటే కలిసి నిలబడక తప్పలేదు. అలా ప్రాంతాలవారీగా 'నేషన్లు' అనే జట్లు పుట్టాయి, వాటన్నిటినీ కలుపుతూ ఆల్ప్స్ పర్వతాలకి ఇవతలివాళ్లదొకటి, అవతలివాళ్లదొకటి పెద్ద సంఘాలు వచ్చాయి, వాటికి విద్యార్థులు తమలోంచే రెక్టర్లని, అంటే సంఘం పెద్దల్ని, ఎన్నుకున్నారు.

గురువులకి డబ్బిచ్చేది విద్యార్థులే కాబట్టి నిబంధనలు రాసింది కూడా వాళ్లే. పాఠం ఆలస్యంగా మొదలుపెడితే గురువుకి జరిమానా, గంట మోగాక ఆపకపోతే జరిమానా. పాఠానికి కనీసం ఐదుగురు రాకపోతే ఆ రోజు గురువే రానట్టు లెక్క. ఆయన ఊరు దాటి వెళ్లాలంటే తిరిగి వస్తానని పూచీ డబ్బు కట్టాలి. ఊరితో తగువు ముదిరితే మూటాముల్లె సర్దుకుని ఇంకో ఊరు వెళ్లిపోవడమే విద్యార్థుల చేతిలో ఉన్న ఆయుధం, 1222లో అలా వెళ్లిపోయినవాళ్లతోనే పాదువా యూనివర్సిటీ మొదలైంది.

మరి అంత అధికారం ఏమైపోయింది? 13వ శతాబ్దం చివర్లో ఊరి పాలకులు గురువులకి జీతాలివ్వడం మొదలుపెట్టారు. అప్పటి విద్యార్థులకి అది భారం తగ్గినట్టే అనిపించి ఉంటుంది, కానీ డబ్బుతో పాటు పెత్తనం కూడా మెల్లగా ఊరి చేతికి వెళ్లిపోయింది. మరోపక్క పారిస్‌లో మొదటి నుంచీ గురువుల సంఘమే యూనివర్సిటీ, విద్యార్థులు దాని కింద ఉండేవాళ్లు. తర్వాతి కాలంలో ఎక్కువ యూనివర్సిటీలు పట్టింది పారిస్ దారే. విద్యార్థి సంఘమంటే యూనివర్సిటీ లోపల, దాని అనుమతి మీద బతికే చిన్న సంఘంగా మారిపోవడం అలా జరిగింది. ఈరోజు మనం ప్రతి ఏడాదీ అడుక్కునే 'గుర్తింపు' అక్కడి నుంచే మొదలవుతుంది.

ఫ్యాకల్టీ అడ్వైజర్ సంతకం సంగతి చూద్దాం. స్వీడన్‌లోని ఉప్సలా యూనివర్సిటీలో కూడా ప్రాంతాలవారీ నేషన్లు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. 17వ శతాబ్దంలో వాటిలో సీనియర్లు కొత్తవాళ్లని పెట్టిన బాధలు అంతా ఇంతా కాదు, మనం ర్యాగింగ్ అనేదానికి పూర్వరూపం అది. యూనివర్సిటీ మొదట నేషన్ల మీద నిషేధం పెట్టి చూసింది, పని జరగలేదు. చివరికి 1663లో దారి మార్చి వాటిని అధికారికంగా ఒప్పుకుంది, ప్రతి విద్యార్థీ ఏదో ఒక నేషన్‌లో చేరాల్సిందేనంది, ఒక్కోదాని మీద ఒక్కో ప్రొఫెసర్‌ని పర్యవేక్షకుడిగా పెట్టింది. నాకిది చాలా విలువైన ఉదాహరణ అనిపిస్తుంది. అడ్వైజర్ అనే ఏర్పాటు వచ్చింది ఉత్త నిఘా కోసమే కాదు, సంఘంలో బలహీనుడు నలిగిపోయినప్పుడు వెళ్లి చెప్పుకోవడానికి బయటి మనిషి ఒకరు కావాల్సి రావడం వల్ల కూడా. అడ్వైజర్‌ని ఏడాదికోసారి సంతకానికి మాత్రమే కలిసే సంఘాలు ఈ ఉపయోగాన్ని చేజేతులా వదులుకుంటున్నాయి.

చర్చా సంఘాలది వేరే కథ. అమెరికాలోని యేల్ కాలేజీలో 1753లో లినోనియా, 1768లో బ్రదర్స్ ఇన్ యూనిటీ అనే విద్యార్థి సంఘాలు మొదలయ్యాయి, తరగతిలో దొరకని పుస్తకాలతో సొంతంగా లైబ్రరీలే నడిపాయి. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ యూనియన్ 1815లో పుట్టింది, రెండేళ్లు తిరిగేసరికి 1817లో యూనివర్సిటీ అధికారులు దాని చర్చలు ఆపించేశారు, మళ్లీ 1821లో ఆనాటి రాజకీయాల జోలికి వెళ్లకూడదన్న షరతు మీద తెరవనిచ్చారు. జర్మన్ రాజ్యాల్లో ఇంకా కఠినంగా జరిగింది. 1819లో కార్ల్ సాండ్ అనే విద్యార్థి కోట్సెబూ అనే రచయితని పొడిచి చంపాడు, దాన్ని సాకుగా తీసుకుని పాలకులు కార్ల్స్‌బాడ్ ఉత్తర్వులతో విద్యార్థి సంఘాల మీదే నిషేధం పెట్టారు. ఒక్కడు చేసిన పనికి సంఘాలన్నీ మూతపడటం అనే పద్ధతి ఆ తర్వాత చాలా చోట్ల చూశాం, అందుకే మన సంఘం పేరు మీద ఎవరు ఏం చేయొచ్చో నియమావళిలో ముందే రాసుకోవడం అంత అవసరం.

19వ శతాబ్దం చివరికి గాలి మారింది. 1884లో ఎడిన్‌బరాలో రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ బెల్ అనే విద్యార్థి, స్ట్రాస్‌బర్గ్‌లో చూసిన పద్ధతిని పట్టుకొచ్చి విద్యార్థి ప్రతినిధుల మండలి పెట్టించాడు, ఐదేళ్లకే 1889లో స్కాట్లండ్ యూనివర్సిటీల చట్టంలో అలాంటి మండళ్లకి చోటు దొరికింది. 1918లో అర్జెంటీనాలోని కొర్దోబాలో విద్యార్థులు సమ్మె చేసి యూనివర్సిటీ పాలనలోనే వాటా అడిగారు, ఆ గాలి లాటిన్ అమెరికా అంతా వీచింది. మనం మీటింగుల్లో వాడే తీర్మానం, సవరణ, కోరం (మీటింగ్ చెల్లాలంటే ఉండాల్సిన కనీస హాజరు) లాంటి పద్ధతులన్నీ పార్లమెంట్ల నుంచి ఇలాంటి సంఘాల్లోకి దిగినవే.

గుర్తింపు గొడవ అసలైన మలుపు తిరిగింది 1960ల అమెరికాలో. 1964 సెప్టెంబర్‌లో బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, క్యాంపస్ గేటు బయట ఫుట్‌పాత్ మీద సంఘాలు బల్లలు వేసుకుని రాజకీయ ప్రచారం చేయడం, చందాలు పోగుచేయడం కుదరదంది. వినడానికి ఎంత చిన్న సంగతి, బల్ల ఎక్కడ వేయాలన్నది! కానీ కొత్త సభ్యులు ఎక్కడి నుంచి వస్తారో సంఘం నడిపినవాళ్లకి తెలుసు, బల్ల తీసేస్తే సంఘం ఏడాదిలో ఎండిపోతుంది. అక్టోబర్ 1న బల్ల దగ్గర కూర్చున్న జాక్ వైన్‌బర్గ్‌ని అరెస్టు చేసి పోలీసు కారు ఎక్కించారు, విద్యార్థులు ఆ కారు చుట్టూ కూర్చుని 32 గంటలు కదలనివ్వలేదు, కారు కప్పే వేదికైంది. డిసెంబర్‌లో స్ప్రౌల్ హాల్‌లో బైఠాయించిన దాదాపు 800 మందిని అరెస్టు చేశారు. కొద్ది రోజులకే అధ్యాపకుల సెనేట్ 824-115 ఓట్లతో విద్యార్థుల పక్షాన తీర్మానం చేసింది.

ఐదేళ్ల తర్వాత, 1969లో, సెంట్రల్ కనెక్టికట్ స్టేట్ కాలేజీలో కొందరు విద్యార్థులు ఒక వామపక్ష సంఘం శాఖ పెట్టుకుంటామని దరఖాస్తు చేశారు. విద్యార్థి వ్యవహారాల కమిటీ 6-2 ఓట్లతో సరేనంది, కాలేజీ అధ్యక్షుడు మాత్రం వీల్లేదన్నాడు. గుర్తింపు లేదు కాబట్టి హాల్ లేదు, నోటీసు బోర్డు లేదు, కాలేజీ పత్రికలో ప్రకటన లేదు. ఏం చేయాలో మాట్లాడుకుందామని క్యాంపస్ కాఫీ షాప్‌లో కూర్చుంటే అక్కడి నుంచి కూడా లేచి వెళ్లిపొమ్మన్నారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1972లో హీలీ వర్సెస్ జేమ్స్ తీర్పు వచ్చింది. సంఘం భావాలు నచ్చలేదని ప్రభుత్వ కాలేజీ గుర్తింపు నిరాకరించకూడదని కోర్టు చెప్పింది. అయితే అదే తీర్పులో, క్యాంపస్ నిబంధనలు పాటిస్తామని సంఘం ముందుగా ఒప్పుకోవాలని కాలేజీ అడగొచ్చని కూడా చెప్పింది. గుర్తింపు ఫారం చివర్లో 'నిబంధనలకు కట్టుబడి ఉంటాము' అని సంతకం పెట్టేటప్పుడు నాకు ఈ కేసే గుర్తొస్తుంది. ఆ వాక్యానికి అటువైపు, మీ భావాలతో మాకు పని లేదు అనే హామీ కూడా ఉంది. ఆ దేశం బయట చట్టం వేరుగా ఉండొచ్చు గానీ, నిబంధనలు పాటించే సంఘానికి గుర్తింపు హక్కు అనే వాదన ఎక్కడైనా చేయదగ్గదే.

ఇక డబ్బు. ప్రతి విద్యార్థి దగ్గరా ఫీజు వసూలు చేసి సంఘాలకి పంచడం న్యాయమా అన్న గొడవ ఇప్పటికీ ఆరలేదు. నాకు నచ్చని సంఘానికి నా డబ్బెందుకు అని అడిగేవాడి ప్రశ్నలో బలముంది. 1995లో వర్జీనియా యూనివర్సిటీ ఒక క్రైస్తవ విద్యార్థి పత్రికకి ముద్రణ ఖర్చులు ఇవ్వనన్న కేసులో, మిగతా పత్రికలకి ఇచ్చి దీనికి ఒక్కదానికే ఆపడం తప్పని అమెరికా సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. 2000లో విస్కాన్సిన్ యూనివర్సిటీ ఫీజు కేసులో అదే కోర్టు జడ్జీలందరూ ఏకగ్రీవంగా, తప్పనిసరి ఫీజు తీసుకోవచ్చు కానీ పంపకంలో ఎవరి భావాలనీ చూడకూడదన్నారు. నా దృష్టిలో ఇంతకంటే మంచి సూత్రం ఇప్పటిదాకా రాలేదు.

ఆస్ట్రేలియా ఇంకో దారి ప్రయత్నించింది. 2005లో చేసిన చట్టంతో 2006 జులై నుంచి తప్పనిసరి సభ్యత్వం, దానికోసం తీసుకునే ఫీజు రద్దయ్యాయి. సంఘాలు నడిపే సలహా కేంద్రాలు, ఆటల సదుపాయాలు, క్లబ్బులకిచ్చే సాయం చాలా చోట్ల కుదించుకుపోయాయి. నష్టం చూశాక 2011లో ఇంకో చట్టంతో సేవల ఫీజు తిరిగి తెచ్చారు, కాకపోతే ఈసారి డబ్బు చేరేది నేరుగా సంఘానికి కాదు, యూనివర్సిటీకి. అందులో కనీసం 40 శాతం విద్యార్థులు నడిపే సంఘాలకే వెళ్లాలన్న నిబంధన రావడానికి 2025 దాకా పట్టింది. జీతాలు ఊరి చేతిలోకి వెళ్లాక బొలోన్యా విద్యార్థులకి జరిగిందే ఇది. స్వీడన్ కూడా 2010లో తప్పనిసరి సభ్యత్వం తీసేసింది. బ్రిటన్‌లో 1994 విద్యా చట్టం మధ్యే మార్గం పట్టింది: సభ్యత్వం వద్దనుకునే హక్కు ఇచ్చింది, ముఖ్య పదవులకి రహస్య ఓటింగ్ పెట్టమంది, జమాఖర్చులు బయటపెట్టాలంది.

జమాఖర్చులు ఎందుకు బయటపెట్టాలో అమెరికా జాతీయ విద్యార్థి సంఘానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1947లో మొదలైన ఆ సంఘానికి ఏళ్ల తరబడి సీఐఏ నుంచి రహస్యంగా డబ్బు వస్తోందని 1967లో బయటపడింది. ఆ సంగతి పైస్థాయిలో కొద్దిమందికే తెలుసు, మామూలు సభ్యులు నిజాయితీగా పనిచేస్తూనే మోసపోయారు. ట్రెజరర్ రిపోర్టు చదివేటప్పుడు ఫోన్లు చూసుకునే కమిటీలకి ఈ కథ చెప్పాలనిపిస్తుంది.

ఇన్ని గొడవలు తిరిగి తిరిగి జరగడానికి ఒక కారణం కంటికి కనబడేదే: విద్యార్థి సంఘంలో మనుషులు నిలవరు. బ్రిటన్ చట్టంలో జీతమున్న ఎన్నికైన పదవి మొత్తం రెండేళ్లు దాటకూడదు. మన దేశంలో విద్యార్థి సంఘాల ఎన్నికల మీద వేసిన, 2006లో సుప్రీంకోర్టు అమల్లోకి తెచ్చిన లింగ్డో కమిటీ సిఫార్సుల ప్రకారం ముఖ్య పదవికి ఒక్కసారే పోటీ చేయాలి. ఒకరే పాతుకుపోకుండా చేయడానికి ఇది మంచిదే, కానీ సంఘానికి జ్ఞాపకం కూడా ప్రతి ఏడాదీ చెరిగిపోతుంది. అవతల ఆఫీసులో ఫైళ్లు అలాగే ఉంటాయి, ఉద్యోగులు ఇరవై ఏళ్లు ఉంటారు. పోయినేడాది ఇచ్చిన మాట గురించి అడగడానికి వెళ్తే మన దగ్గర కాగితం ముక్క ఉండదు.

మా ఏడాది చివర్లో మేం చేసిన పని ఒకటే. మినిట్స్, రసీదులు, ఆఫీసుతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు, ఏ అనుమతికి ఎన్ని రోజులు పట్టింది, ఎవరు కాదన్నారు, ఎందుకు కాదన్నారు, అన్నీ ఒక ఫైల్లో పెట్టాం. పాస్‌వర్డులు మనుషుల పేర్ల మీద కాకుండా సంఘం ఈమెయిల్ మీదకి మార్చాం. కొత్త కమిటీని పరీక్షలకి ముందే ఎన్నుకుని, పాత ట్రెజరర్ క్యాంపస్‌లో ఉండగానే బ్యాంకులో సంతకాలు మార్పించాం. తర్వాతి సెక్రటరీ ఆ ఫైలు పట్టుకుని ఆఫీసుకి వెళ్లింది, మాకు రెండు నెలలు పట్టిన రెన్యువల్ ఆమెకి నాలుగు రోజుల్లో అయిపోయింది.