యాంటీ సంకలనం అంటే ట్రాన్స్ ఉత్పన్నం కాదు

నల్లగొండ అయినా పాలమూరు అయినా, డిగ్రీ పిల్లల జవాబు పత్రాల్లో మళ్లీ మళ్లీ కనబడే తప్పు ఇది. సీనియర్ల నోట్సులోంచి వచ్చిన మాటను సరిచూడకుండా రాసేయడంతో మార్కులు పోతున్నాయి.

అపోహ: ఆల్కీన్‌కు (కార్బన్ల మధ్య ద్విబంధం ఉన్నదానికి) బ్రోమిన్ యాంటీగా, అంటే ఎదురెదురు ముఖాల నుంచి కలుస్తుంది, కాబట్టి ట్రాన్స్ (బ్రోమిన్లు ఎదురు పక్కల ఉన్న) డైబ్రోమైడ్ వస్తుంది.

వాస్తవం: యాంటీ అనేది బ్రోమిన్లు వచ్చి చేరే దారి, ఉత్పన్నం పేరు కాదు. 2-బ్యూటీన్‌లో చర్య ముగిశాక ద్విబంధమే ఉండదు. ఏకబంధం చుట్టూ కార్బన్లు తిరుగుతుంటే సిస్ (ఒకే పక్క), ట్రాన్స్ అనడానికి చోటెక్కడిది? వలయంలో మాత్రం ఆ మాట చెల్లుతుంది: సైక్లోహెక్సీన్ ఇచ్చేది ట్రాన్స్-1,2-డైబ్రోమోసైక్లోహెక్సేన్, అదీ రెసిమిక్‌గా (అద్దంలో బొమ్మల్లాంటి రెండు రూపాలు సగం సగం).

యాంటీగా కలవడానికి కారణం, 1937లో రాబర్ట్స్, కింబాల్ ప్రతిపాదించిన బ్రోమోనియం అయాన్. మొదటి బ్రోమిన్ రెండు కార్బన్లనూ పట్టుకొని ఒక ముఖాన్ని మూసేస్తుంది. బ్రోమైడ్ వెనకవైపు నుంచే రావాలి. సిస్-2-బ్యూటీన్‌లో అది రెండు కార్బన్లలో దేని మీదికైనా సమానంగా వస్తుంది. అందుకే 2ఆర్,3ఆర్ సగం, 2ఎస్,3ఎస్ సగం (ఆర్, ఎస్ అంటే కార్బన్ చుట్టూ అమరిక గుర్తులు): రెసిమిక్. ట్రాన్స్‌లో ఎటు వచ్చినా మీసో (అద్దంలో బొమ్మ కూడా తనే అయ్యే రూపం) ఒక్కటే.

"సిస్-యాంటీ-రెసిమిక్, ట్రాన్స్-యాంటీ-మీసో" అని బట్టీ పట్టినవాళ్లు 2-పెంటీన్ దగ్గర బోల్తా పడతారు. ఒక చివర మిథైల్, ఇంకో చివర ఇథైల్, మీసో కుదరదు. సిస్ నుంచి త్రియో జంట (ఫిషర్ చిత్రంలో బ్రోమిన్లు ఎదురు పక్కల), ట్రాన్స్ నుంచి ఎరిత్రో జంట (ఒకే పక్క), రెండూ రెసిమిక్ మిశ్రమాలే. కైరల్ కార్బన్లు (నాలుగు వేర్వేరు గుంపులున్నవి) వచ్చినంత మాత్రాన పోలారిమీటర్‌లో కాంతి తలం తిరగదు: రెసిమిక్‌లో రెండు రూపాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి.

స్టిల్బీన్ (ద్విబంధానికి రెండు చివర్లా బెంజీన్ వలయాలున్నది) లాంటివాటిలో బెంజైలిక్ కార్బన్ (వలయానికి ఆనుకున్నది) ధనావేశాన్ని మోయగలదు. ధ్రువ ద్రావణిలో బ్రోమోనియం వంతెన సడలి, సిస్-స్టిల్బీన్ నుంచి మీసో కూడా వస్తుంది.

బ్రోమిన్ నీళ్లలో డైబ్రోమైడ్ కంటే బ్రోమోహైడ్రినే (ఒక కార్బన్‌పై బ్రోమిన్, పక్కదానిపై ఓహెచ్ ఉన్నది) ఎక్కువ. బ్రోమిన్ రంగు పోయిందంటే ఆల్కీనే అనుకోవద్దు: ఫీనాల్, ఎనిలీన్ కూడా పోగొడతాయి, తెల్లని అవక్షేపంతో. ఎండలో ద్విబంధం లేని ఆల్కేన్ కూడా పోగొడుతుంది, పరీక్ష నీడలో చేయండి.

మోడల్ కిట్ లేదని పరేషాన్ కావద్దు. రెండు బంకమట్టి ఉండలు, ఏడు పుల్లలు చాలు. ఒక పుల్ల ఉండలను కలపడానికి, ఉండకు మూడు చొప్పున మిగతావి. ఉండలు కార్బన్లు; పుల్లల చివర్లకు బ్రోమిన్, మిథైల్, హైడ్రోజన్ అని రంగులు వేసి గుర్తు పెట్టుకోండి. బ్రోమిన్లను ఎదురెదురు దిక్కుల్లో పెట్టి, ఒక ఉండను సగం చుట్టు తిప్పండి. ట్రాన్స్-2-బ్యూటీన్ నుంచి వచ్చిందైతే బ్రోమిన్‌కు బ్రోమిన్, మిథైల్‌కు మిథైల్ వరసలో నిలుస్తాయి. సిస్‌దైతే బ్రోమిన్లు కలుస్తాయి కానీ మిథైల్ పక్కకు హైడ్రోజన్ వస్తుంది.