షుగర్ గ్లైడర్‌కి తిండి మార్చడం: మన వైపు వినిపించే అపోహలు, అసలు సంగతులు

విజయనగరం, శ్రీకాకుళం వైపు షుగర్ గ్లైడర్లను (చూడ్డానికి ఎగిరే ఉడతలా ఉండే చిన్న పెంపుడు జంతువులు) పెంచేవాళ్లు ఇప్పటికీ తక్కువే. పెంచేవాళ్లు కూడా చాలామంది విశాఖలోనో హైదరాబాద్‌లోనో కొని తెచ్చుకుంటారు. తెచ్చిన వారం తిరక్కుండానే ఫోన్ వస్తుంది: "డాక్టర్ గారూ, ఏం పెట్టినా ముట్టడం లేదండీ." ఆవులు, కుక్కలు, నాటుకోళ్ల మధ్య నడిచే మా ప్రాక్టీసులో అరచేతిలో పట్టే ఈ జీవి వచ్చిందంటే, పది సార్లకు తొమ్మిది సార్లు గొడవ తిండి దగ్గరే ఉంటుంది. అమ్మినవాళ్లు ఒకటి చెప్తారు, యూట్యూబ్ ఇంకొకటి చెప్తుంది, ఇంట్లో పెద్దవాళ్లు మూడోది చెప్తారు. నేను తరచుగా వినే మాటలు ఇవి.

అపోహ: ఆకలేస్తే అదే తింటుంది, పాతది పూర్తిగా ఆపేయండి.

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. పెద్దదైన షుగర్ గ్లైడర్ బరువు సుమారు 80 నుంచి 160 గ్రాములు. అంత చిన్న ఒంట్లో నిల్వ ఎంతుంటుంది? తిండి మానేస్తే రక్తంలో చక్కెర త్వరగా పడిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. చలిలో, తిండి దొరకనప్పుడు ఒంటి వేడి తగ్గించుకుని కదలకుండా పడి ఉండే గుణం దీనికి పుట్టుకతో ఉంది. దాన్ని టార్పర్ అంటారు. అడవిలో ప్రాణం కాపాడే ఆ గుణమే ఇంట్లో మనల్ని మోసం చేస్తుంది. "హాయిగా నిద్రపోతోంది" అనుకుంటాం.

అలా చల్లగా పడి ఉన్నప్పుడు సిరంజితో నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు మెత్తటి గుడ్డలో పెట్టి మీ ఒంటికి ఆనించుకుని మెల్లగా వెచ్చబరచండి. కదిలి, మింగే స్థితికి వచ్చాక తేనె కలిపిన నీళ్లు చుక్క చిగుళ్లకు రాయండి. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఒక రోజంతా ఏమీ తినకపోతే మర్నాటి దాకా చూద్దాం అనుకునే జంతువు కాదిది.

మరి తిండి మార్చేదెలా? కొత్త ఇంటికి వచ్చిన మొదటి వారం, అమ్మినవాళ్లు ఏం పెట్టేవారో అదే పెట్టండి. అది ఎంత నాసిరకం తిండైనా సరే. ఇల్లు మారింది, వాసనలు మారాయి, మనుషులు మారారు. తిండి కూడా ఆ రోజే మారిస్తే, దేని వల్ల తినడం లేదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. రెండో వారం నుంచి పాత తిండిలో నాలుగో వంతు కొత్తది కలపండి. బరువు నిలబడితే మూడు నాలుగు రోజులకు సగం, తర్వాత ముప్పావు. మామూలుగా రెండు మూడు వారాలు పడుతుంది, కొన్నిటికి నెల దాటుతుంది. మొండికేసేవాటికి ఒక ఉపాయం ఉంది. సాయంత్రం లేవగానే, బాగా ఆకలి మీద ఉన్నప్పుడు, కొత్తది ఒక చెంచా పెట్టండి. గంట పోయాక మామూలు గిన్నె పెట్టండి. ఫ్రిజ్ నుంచి తీసింది తీసినట్టు పెట్టకుండా, చల్లదనం పోనివ్వండి. వాసన వస్తేనే అది దగ్గరికి వస్తుంది.

ఈ వ్యవహారం మొత్తంలో నేను నమ్మేది తూకాన్నే. గ్రాముల్లో చూపించే చిన్న డిజిటల్ కిచెన్ కాటా కొనండి. రోజూ ఒకే వేళకు, తిండి పెట్టక ముందు, అది పడుకునే గుడ్డ సంచితో సహా తూచి, సంచి బరువు తీసేసి రాసుకోండి. వంద గ్రాముల గ్లైడర్ పది గ్రాములు తగ్గిందంటే మార్పు అక్కడితో ఆపి, పాత తిండికి వెనక్కి వెళ్లి నాకు ఫోన్ చేయాలి. రెండింటిని కలిపి పెంచుతుంటే విడివిడిగా తూచాలి. గిన్నె ఖాళీ అయిందంటే రెండూ తిన్నాయని కాదు, పెత్తనం చేసేదే మొత్తం తినేసి ఉండొచ్చు.

అపోహ: నమిలి ఉమ్మేస్తోంది, అంటే నచ్చలేదు.

గ్లైడర్లు పండునైనా పురుగునైనా నమిలి రసం పీల్చుకుని పిప్పి ఉమ్మేస్తాయి. అది వాటి పద్ధతి. పొద్దున్న గూడు అడుగున ఎండిన పిప్పి ఉండలు కనిపిస్తే కంగారు పడకండి, బరువు చూడండి. అలాగే పొద్దున్న పెట్టిన గిన్నె సాయంత్రం దాకా అలాగే ఉందని టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు. ఇది రాత్రి తిరిగే జంతువు, చీకటి పడేటప్పుడు పెట్టండి.

అపోహ: ఎగిరే ఉడతే కదా, పప్పులు గింజలు పెట్టాలి.

ఉడతకీ దీనికీ చుట్టరికం లేదు. పొట్ట దగ్గర సంచిలో పిల్లను పెంచే కంగారూల వర్గం ఇది. పుట్టిల్లు ఆస్ట్రేలియా, న్యూగినీ వైపు. (మన తూర్పు కనుమల్లో నిజంగానే ఎగిరే ఉడతలు ఉన్నాయి. అవి చట్టరక్షణ ఉన్న అడవి జంతువులు, ఎవరైనా అమ్మజూపితే కొనకండి.) అడవిలో గ్లైడర్ తినేది చెట్ల బంక, బెరడు కొరికి కార్పించుకున్న రసం, పూల తేనె, పుప్పొడి, పురుగులు.

పలాస జీడిపప్పు బలమని రోజూ రెండు పలుకులు పెట్టేవాళ్లను చూశాను. మనకు బలమే. కానీ జీడిపప్పులో కాల్షియం కంటే భాస్వరం పది రెట్లకు పైగా ఉంటుంది, కొవ్వు సరేసరి. గ్లైడర్ తిండి మొత్తం మీద కాల్షియం భాస్వరంతో సమానంగానైనా ఉండాలి, రెట్టింపు వరకు ఉన్నా మంచిదే. అది తలకిందులైతే శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. కొన్నాళ్లకు వెనక కాళ్లు ఈడుస్తుంది. "పైనుంచి పడిందండీ" అంటూ తీసుకొస్తారు. ఎక్స్‌రేలో ఎముకలు పల్చబడి ఉంటాయి. తొందరగా పట్టుకుంటే చాలావరకు కోలుకుంటుంది. మొక్కజొన్న పొత్తులు కూడా ఇదే లెక్క. మన చేల నిండా ఉన్నాయని రోజూ పెట్టకండి.

అపోహ: పండ్లు ఎంత పెట్టినా పరవాలేదు.

పేరులో షుగర్ ఉంది కదా అని పండ్ల మీదే పెంచితే ఒళ్లు వస్తుంది, పళ్లు పాడవుతాయి, మాంసకృత్తులు చాలవు. అన్ని పండ్లూ ఒకటి కావు కూడా. బొప్పాయిలో కాల్షియం భాస్వరానికి రెట్టింపు, కమలాపండు, అంజూర కూడా ఈ లెక్కలో మంచివే. అరటిపండులో మాత్రం భాస్వరమే నాలుగు రెట్లు. అమ్మకందార్లు అలవాటు చేసేది అరటిపండే కాబట్టి కొత్తలో మానిపించలేం. కొత్త మిశ్రమాన్ని దానికి పూసి అలవాటు చేసి, ముక్క సైజు తగ్గించుకుంటూ రండి.

అపోహ: చోడి (రాగి) అంబలిలో బోలెడు కాల్షియం, అది చాలు.

మన ఉత్తరాంధ్ర ఇళ్లలో ఈ మాట రాకపోతే ఆశ్చర్యపోవాలి. చోళ్లలో కాల్షియం ఎక్కువ, నిజమే. కానీ గింజల్లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు ఆ కాల్షియాన్ని కొంత కట్టిపడేస్తాయి, పైగా అంబలి ప్రధానంగా పిండిపదార్థం. నాలుక చివర రాసినంత తిన్నా ముంచుకొచ్చేదేమీ లేదు. దాన్నే భోజనం చేయడమే తప్పు.

మందుల షాపులో కాల్షియం సీసా కొని పోయడం ఇంకో రకం. పశువులకీ కుక్కలకీ అమ్మే చాలా కాల్షియం టానిక్కుల్లో భాస్వరం కూడా కలిపే ఉంటుంది. భాస్వరం ఎక్కువైన తిండిని సరిచేయాలంటే భాస్వరం లేనిది కావాలి. డి విటమిన్ ఎక్కువైనా విషమే. మోతాదు దాని బరువు చూసి డాక్టర్ చెప్పాలి.

అపోహ: ఆస్ట్రేలియా జంతువు, జామాయిల్ (యూకలిప్టస్) ఆకులు తింటుంది.

ఆకులు తినేది కోలా. గ్లైడర్‌కి కావలసింది చెట్టు రసం, బంక. మందు కొట్టని జామాయిల్ కొమ్మ కొరుక్కోవడానికి ఇవ్వొచ్చు, నూనె మాత్రం దగ్గరికి రానివ్వకండి. బంక అన్నాను కదా అని గిరిజన కార్పొరేషన్ మన్యంలో సేకరించే తపసి జిగురు తెచ్చి పెట్టకండి. గ్లైడర్ల తిండిలో వాడేది అకేసియా బంక, మన తుమ్మ కూడా ఆ వర్గందే. తపసి జిగురు నీళ్లు పీల్చి ఉబ్బి విరేచనం చేయిస్తుంది.

అపోహ: పురుగులే కదా, దీపం దగ్గర పట్టి వేస్తే సరి.

పక్కన వరి చేలు, కూరగాయల తోటలు ఉన్న చోట బయట పట్టిన మిడతలు, ఉసిళ్ల మీద ఏ మందు పడిందో చెప్పలేం. పెంచిన పురుగులే వాడండి. మీల్‌వార్మ్స్ (మేత కోసం పెంచి అమ్మే పురుగులు) తెస్తే కొన్నే ఇవ్వండి, వాటిలో కూడా భాస్వరమే చాలా ఎక్కువ. వాటి రుచి మరిగితే గిన్నె వైపు చూడదు.

పాలు పోయొచ్చా అని అడుగుతారు. వద్దు, అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. తిండి మారే రోజుల్లో రెట్ట కాస్త మెత్తబడటం వేరు. నీళ్లలా అయితే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, కళ్లు లోపలికి పోయినా ఒంట్లో నీరు తగ్గినట్టే, ఆ పూటే రండి.

అపోహ: నాలుగు రెసిపీల్లోంచి మంచిమంచివి తీసి కలిపితే ఇంకా మంచిది.

గుడ్డు, తేనె, విటమిన్ పొడులతో చేసే లెడ్‌బీటర్ మిశ్రమం లాంటివి మీరు చూసే ఉంటారు. వాటిలో ప్రతిదానికీ దాని పక్కన పెట్టాల్సిన కూరగాయలు, పండ్లు, పొడులు ఒక లెక్కలో ఉంటాయి. ఒకదాని పొడి ఇంకోదాని మిశ్రమంలో వేస్తే రెండు లెక్కలూ చెడతాయి. ఒకటి ఎంచుకుని దాని మీదే ఉండండి. దిగుమతి పొడులు దొరకని చోట, దొరికే వస్తువులతో చేసే రెసిపీనే ఎంచుకోవాలి. నెలకోసారి పొడి రాక ఆగిపోయే గొప్ప తిండి కన్నా అదే నయం. చేసినది రోజుకు సరిపడా భాగాలుగా ఐస్ ట్రేలో గడ్డకట్టించుకోండి. మన ఉక్కపోతలో తేనె, గుడ్డు ఉన్న తిండి తెల్లారేదాకా ఆగదు, కొన్ని గంటలకు తీసేయండి. చీమలు పట్టకుండా గిన్నెను నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టండి, నీళ్లు వేలి మందం దాటకూడదు.

వేసవిలో ఈ మార్పు మొదలుపెట్టొద్దని కూడా చెప్తాను. దీనికి సుఖంగా ఉండేది 24 నుంచి 27 డిగ్రీల దగ్గర. ఏప్రిల్, మే ఎండల్లో మనకే అన్నం సయించదు.

ఏళ్లుగా ఒకే తిండి తింటున్న ముసలి గ్లైడర్లు కొన్ని ఎంత చేసినా పూర్తిగా మారవు. అలాంటివి బరువు నిలబెట్టుకుని చురుగ్గా ఉంటే నేను పోరు పెట్టను. సగం దాకా వచ్చిన చోటే ఆపి, తగ్గిన కాల్షియం లెక్కగట్టి ఇచ్చి, మూడు నెలలకోసారి చూస్తాను.