గులాబీ కణాల చిక్కుముడి

పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనని తీయించిన స్కాన్‌లో అనుకోకుండా కిడ్నీ గడ్డ బయటపడితే రోగి అడిగేది ఒక్కటే: ఇది క్యాన్సరా, కాదా? గడ్డలో కొవ్వు స్పష్టంగా కనిపిస్తే అది దాదాపుగా యాంజియోమయోలైపోమా అనే నిరపాయకరమైన కణితే కనుక జవాబు తేలికే. కణాలను సూక్ష్మదర్శినిలో చూసి జబ్బును తేల్చే పాథాలజిస్టులను నిజంగా ఇబ్బంది పెట్టేది ఆంకోసైటోమా, క్రోమోఫోబ్ కార్సినోమా అనే జంట. కిడ్నీ కణితుల్లో ఒక్కొక్కదాని వాటా సుమారు 5 శాతం. మొదటిది హాని చేయదు. రెండోది క్యాన్సరే, కాకపోతే సాధారణంగా కనిపించే క్లియర్ సెల్ రకమంత దూకుడుగా పెరగదు.

ఆంకోసైటోమా కణం నిండా, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా కిక్కిరిసి ఉండడం వల్ల, రంగు వేసిన స్లైడ్ మీద అది ముదురు గులాబీ రంగులో గరుకుగా కనిపిస్తుంది. క్రోమోఫోబ్‌లో ఒక ఉపరకం కూడా అచ్చం అలాగే ఉంటుంది. 1976లో క్లైన్, వాలెన్సీ 13 కేసులతో ఆంకోసైటోమాకు గుర్తింపు తెచ్చారు. మనిషిలో క్రోమోఫోబ్‌ను జర్మనీకి చెందిన థోనెస్ బృందం వర్ణించింది 1985లో. అందుకే పాత నివేదికల్లో 'వ్యాపించిన ఆంకోసైటోమా' అని కనిపిస్తే నాకు వెంటనే నమ్మబుద్ధి కాదు; అది అప్పటికి పేరు లేని క్రోమోఫోబే అయి ఉండవచ్చు.

క్రోమోఫోబ్‌ను పట్టించేవి చిన్న ఆనవాళ్లు: ఎండుద్రాక్షలా ముడతలు పడ్డ కేంద్రకం, దాని చుట్టూ తెల్లటి వలయం, గీత గీసినట్టు దళసరిగా కనిపించే కణాల అంచులు. ఆంకోసైటోమాలో కేంద్రకాలు గుండ్రంగా, నున్నగా ఉంటాయి. సందేహం మిగిలితే సీకే7 అనే ప్రొటీన్ పరీక్ష చేస్తారు. ఆ పరీక్ష రంగు క్రోమోఫోబ్‌లో సాధారణంగా విస్తారంగా అంటుకుంటుంది, ఆంకోసైటోమాలో అక్కడక్కడ ఒకటి రెండు కణాలకే పరిమితమవుతుంది. వింతేమిటంటే, కణితి చుట్టూ ఉన్న కొవ్వులోకి, చివరికి రక్తనాళంలోకి చొచ్చుకుపోవడం మిగతా చోట్ల చెడు సూచనే అయినా, ఆంకోసైటోమా అలా చొచ్చుకుపోయినంత మాత్రాన క్యాన్సర్ అయిపోదు.

మామూలు సీటీ స్కాన్ ఈ రెండింటినీ నమ్మకంగా విడదీయలేదు. నక్షత్రంలా పాకిన నడిమి మచ్చ ఆంకోసైటోమా గుర్తని చెబుతారు గానీ, అది అన్నింటిలోనూ ఉండదు, క్యాన్సర్‌లోనూ కనిపించవచ్చు. గుండె పరీక్షల్లో వాడే సెస్టమిబి అనే రేడియోధార్మిక మందు మైటోకాండ్రియాలో పోగవుతుంది కాబట్టి, ఆంకోసైటోమాను గుర్తించేందుకు ఇప్పుడు దాన్ని కిడ్నీ స్కాన్‌లోనూ వాడుతున్నారు. సూదితో తీసిన సన్నని ముక్కకూ హద్దులున్నాయి. తీసిన చోట ఆంకోసైటోమాలా ఉన్నంత మాత్రాన గడ్డ అంతా అదేనని చెప్పలేం. అందుకే చాలా రిపోర్టులు 'ఆంకోసైటిక్ కణితి' అన్న మాట దగ్గరే జాగ్రత్తగా ఆగుతాయి. ఆపైన గడ్డ పరిమాణాన్నీ, రోగి వయసునూ చూసి కొంతకాలం గమనించడమో, గడ్డవరకే కోసి తీయడమో నిర్ణయిస్తారు.

రెండు కిడ్నీల్లోనూ ఈ రెండు రకాల లక్షణాలూ కలిసిన మిశ్రమ గడ్డలు అనేకం ఉంటే మాత్రం బర్ట్-హాగ్-డ్యూబే అనే వంశపారంపర్య జబ్బును అనుమానించాలి. అప్పుడు వైద్యుడు స్లైడ్ పక్కన పెట్టి రోగి ముఖం మీద తెల్లటి చిన్న చిన్న పొక్కులున్నాయేమో చూస్తాడు, కుటుంబంలో ఎవరికైనా ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోయిందా అని అడుగుతాడు.